బోర్డు మీద మిగిలిన బిళ్ళ

జ్ఞానయ్య నూట పదకొండో నంబరు బిళ్ళను గుడ్డతో తుడిచి కొక్కేనికి తగిలించాడు. ఆ బిళ్ళ తాలూకు సదయ్య అప్పటికే కిటికీలోంచి ల్యాంపు అందుకుని, బ్యాటరీని నడుముకు బిగించుకుంటూ, దీపాన్ని టోపీకి పెట్టుకుంటూ దిగే దారి వైపు నడిచాడు. సదయ్య వెనక ఇంకొకడు, ఆ వెనక మరొకడు. బిళ్ళ లోపలికి, ల్యాంపు బయటికి. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఆ కిటికీ దగ్గర ఇంతకు మించి ఏమీ జరగదు.

బొగ్గు గనిని గోదావరిఖనిలో ఎవరూ గని అనరు, బాయి అంటారు. బాయిలో దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాన్ని ల్యాంపు రూములో ఇచ్చి ల్యాంపు తీసుకోవాలి. డ్యూటీ అయి పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ వేలాడుతున్నదంటే ఆ మనిషి ఇంకా భూమి కింద ఉన్నాడన్నమాట. ఒక్కో షిఫ్టుకు ఒక్కో బోర్డు. షిఫ్టు ముగిశాక బోర్డు ఖాళీ అయితేనే ల్యాంపుల మనిషి ఇంటికి పోవాలి.

ఈ పని జ్ఞానయ్య ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్నాడు. అంతకు ముందు రెండేళ్లు కింద చేశాడు. పైకప్పు నుంచి జారిన రాయి ఎడమ కాలి రెండు వేళ్లను తీసుకుపోతే పైకి తెచ్చి ఇక్కడ కూచోబెట్టారు. పొట్టి మనిషి, బట్టతల, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, అందులో ఒకటి ఎప్పుడూ రాయదు. ఆయన ఫోటో ఏ పేపర్లోనూ పడలేదు. సమ్మెల్లో ముందు నడిచినవాడు కాదు, వెనక దాక్కున్నవాడూ కాదు, మధ్యలో నడిచాడు. ఆయన గురించి బాయి మీద చెప్పుకునే మాట ఒక్కటే. షిఫ్టు అయ్యాక పది నిమిషాలు దాటి ఒక్క బిళ్ళ మిగిలినా ఊరుకోడు. కిందికి ఫోను చేస్తాడు, అడుగుతాడు, మళ్లీ అడుగుతాడు. కుర్రవాళ్లు ఆయన్ని ల్యాంపుల పోలీసు అంటారు. పద్నాలుగేళ్ల కింద ఒకసారి అట్లా అడగబట్టే, బొగ్గు మోసే టబ్బు కింద కాలు నలిగి చీకట్లో పడివున్న నర్సింగం దొరికాడు. నర్సింగం ఇప్పటికీ క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి కేకు తిని పోతాడు.

మూడు వందల మందిని లెక్క తప్పకుండా చూసుకున్న ఆ మనిషి, ఇంట్లో ముగ్గురిలో ఒకరు తగ్గిపోతుంటే చూసుకోలేకపోయాడు. ఆ మాట ఆయన్ను ఎవరూ అనలేదు. రెండేళ్లుగా తనకు తనే అనుకుంటున్నాడు.

"కాకా, రెండు వందల తొంభై చార్జింగు ఎక్కలేదు. వేరేదియ్యాల్నా?"

లోపలి నుంచి అడిగింది శ్రావణ్య. ఇరవై మూడేళ్ల పిల్ల. వాళ్ల నాన్న వామనరావు ఇదే బాయి మీద ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. మంథని నుంచి వచ్చిన కుటుంబం. గుండె జబ్బుతో కంపెనీ ఆయన్ని అన్‌ఫిట్ చేస్తే, ఆయనకు బదులు బిడ్డకు ఈ ఉద్యోగం వచ్చింది. శిక్షణలో నాలుగు రోజులు బాయిలో దిగింది కూడా. అప్పుడిచ్చిన బిళ్ళను గుర్తింపు కార్డు తాడుకు ఎర్రదారంతో కట్టుకుని మెడలో వేసుకు తిరుగుతుంది. తర్వాత దిగవలసిన అవసరం పడలేదు. ఎనిమిది నెలలుగా జ్ఞానయ్య దగ్గరే పని.

"వేరేదియ్యి బిడ్డా. దాన్ని పక్కకు పెట్టు."

ఆ పిల్ల ల్యాంపును రెండు చేతులతో ఎత్తింది. అది ఒక చేత్తో ఎత్తే బరువు. మొన్న దసరా నాటికి ఒక్కో చేత్తో రెండేసి ఎత్తేది.

ఏప్రిల్ నెల. రామగుండం ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, ఎనిమిది గంటలకే రేకుల మీద నీళ్లు చల్లితే చుయ్యిమంటాయి. ఆ వేడిలో శ్రావణ్య డ్రెస్సు మీద నిండు చేతుల స్వెట్టరు వేసుకుంటుంది. అందరూ ఫ్యాను కోసం కొట్లాడుకుంటే తను చార్జింగు ర్యాకు పక్కన, వెచ్చగా ఉండే మూలకు స్టూలు లాక్కుంటుంది. అడిగితే "నాకు చలి గుణం కాకా" అని నవ్వుతుంది.

సుజిత కూడా నవ్వేది. మార్చి ఎండల్లో దుప్పటి కప్పుకుని నవ్వేది.

సుజిత జ్ఞానయ్య కూతురు. డిగ్రీ రెండో సంవత్సరంలో పోయింది. ఆ పిల్ల రూపం శ్రావణ్యలో కనిపించడం మొదలై రెండు నెలలు అవుతున్నది. పోలికలు ఏమీ లేవు. సుజిత చామనఛాయ, గుండ్రటి మొహం. ఈ పిల్ల తెల్లన, కోల మొహం. కానీ ఇప్పుడు ఇద్దరికీ ఒకే మొహం వచ్చింది. కణతలు లోపలికి పోయి, కళ్లు పెద్దవై, ముంజేతుల మీద మెత్తటి నూగు మొలిచి, దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు ఊడివచ్చే రూపం. రెండుసార్లు ఆయన నోట "సుజీ" అని వచ్చింది. ఆ పిల్ల విననట్టు ఊరుకుంది. ఎనిమిది నెలలు పక్కన పనిచేసిన పిల్లకు ఆ పేరు ఎవరిదో తెలియకుండా ఉంటుందా. తెలుసు. ఎట్లా పోయిందో మాత్రం తెలియదు. జ్వరమని ఊళ్లో అనుకున్నారు, ఈయన కాదనలేదు.

శ్రావణ్య ఉపవాసాల పట్టిక జ్ఞానయ్యకు కంఠతా వచ్చు. సోమవారం శివుడికి. మంగళవారం ఆంజనేయుడికి. గురువారం బాబాకు. శుక్రవారం అమ్మవారికి. శనివారం వెంకన్నకు. మధ్యలో ఏకాదశి. ఆదివారం సెలవు కాబట్టి ఆయనకు తెలియదు. మిగిలింది బుధవారం. బుధవారం వినాయకుడిదంటారు గానీ ఆయన తిండి దేవుడు, ఉండ్రాళ్లు పెట్టి తాను తినకపోతే బాగుండదనుకుందేమో, ఆ రోజుకు మాత్రం దేవుణ్ని పెట్టుకోలేదు. బుధవారం ఆ పిల్లకు గ్యాసు పడుతుంది.

బాయి మీద అందరూ మెచ్చుకుంటారు. ఈ కాలం పిల్లల్లో గింత నిష్ఠ ఎక్కడుందని మేనేజరు ఆఫీసు వాళ్లు కూడా అంటారు. జ్ఞానయ్య నోరు మెదపడు. ఏమని మెదుపుతాడు? మెడలో సిలువ గొలుసున్న మనిషి, చేపల కూర తెచ్చుకునే మనిషి, బాపనోళ్ల పిల్లను పట్టుకుని నువ్వు ఉపవాసాలు మాను అనాలి. పిల్ల ఏమనుకుంటుంది, పిల్ల తల్లిదండ్రులేమంటారు, రేపు యూనియన్ ఆఫీసులో ఏం పంచాయితీ అవుతుంది. ఈ భయంతోనే రెండు నెలలు గడిపాడు. భయపడినందుకు రోజూ సిగ్గుపడ్డాడు కూడా.

ఇవ్వాళ బుధవారం.

పదింటికి లోపల దబ్బున చప్పుడైంది. జ్ఞానయ్య రిజిస్టరు వదిలి వెళ్లేసరికి ల్యాంపు నేల మీద, శ్రావణ్య ర్యాకుకు ఆనుకుని నేల మీద. స్పృహ ఉంది. పెదవులకు రంగు లేదు. చేయి పట్టి లేపబోయాడు. ఆ ఎండలో ఆ చేయి కుండలో నీళ్లంత చల్లగా ఉంది. ఆయన బొటనవేలు మణికట్టు చుట్టూ తిరిగి చూపుడువేలిని దాటిపోయింది.

"ఏం కాలే కాకా. లేచేటప్పుడు గిట్ల కండ్లు తిరుగుతయి. మా అమ్మకు చెప్పకు."

"ఏమన్న తిన్నవా పొద్దుగాల?"

"తిన్న. ఇడ్లీ తిన్న."

క్యాంటీనుకు తనే వెళ్లి చక్కెర ఎక్కువ వేయించి టీ తెచ్చాడు. ఆ పిల్ల గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని వేడి కాచుకుంది. పెదవులకు ఆనించింది, తాగినట్టు గొంతు కదిలించింది. కిటికీ దగ్గర ఎవరో పిలిస్తే జ్ఞానయ్య అటు తిరిగాడు. కిటికీ అద్దంలో కనిపించింది. శ్రావణ్య గ్లాసును మెల్లగా మురిక్కాలువలోకి వంచింది. వంచి, అంచును వేలితో తుడిచింది.

జ్ఞానయ్యకు ఇంట్లో కనకాంబరం కుండీ కళ్ల ముందుకొచ్చింది. ఆ యేడు ఆ కుండీకి చీమలు పట్టాయి. భార్య రాహేలు చీమల మందు చల్లింది, మట్టి మార్చింది, మళ్లీ చీమలే. రాత్రిపూట సుజిత తన పాల గ్లాసు పట్టుకుని ఆ కుండీ దగ్గర నిలబడి బైబిలు వాక్యం చదువుకునేది. చీమలు ఎందుకొస్తున్నాయో ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కుండీని ఎండలో పెట్టి చూశారు, అంతే.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇద్దరూ చెరో దిక్కు తింటారు. జ్ఞానయ్య డబ్బాలో నీసు ఉంటుంది కాబట్టి మర్యాదకు ఆయనే కానుగ చెట్టు కిందికి పోతాడు. శ్రావణ్య తన మూడు గిన్నెల క్యారియరు పట్టుకుని, బాయిలోకి గాలి ఆడించే పెద్ద ఫ్యాను షెడ్డు వెనక్కి పోతుంది. ఆ పిల్ల తల్లి విశాలాక్షమ్మ చేతి వంట బాగుంటుందని వామనరావు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అందరికీ తెలుసు. చింతపండు పులుసు, ముద్దపప్పు, నెయ్యి. ఇప్పుడా సంగతి ఎక్కువగా తెలిసింది షెడ్డు వెనక కుక్కలకు. రెండు నెలల్లో అవి నున్నగా తేరాయి. బ్రాహ్మణ భోజనం అలవాటై, జ్ఞానయ్య చేపముల్లు వేస్తే వాసన చూసి పోతున్నాయి. ఇంకొకప్పుడైతే ఈ మాట నలుగురికి చెప్పి నవ్వించేవాడు.

తన డబ్బా మూత తీశాడు. గుండ్రటి స్టీలు డబ్బా, రెండు క్లిప్పులు, మూత మీద చెక్కిన అక్షరాలు. రాహేలు దీన్ని ఇంట్లో కళ్ల ముందు ఉంచనివ్వదు, బయట పడేయనివ్వదు. అందుకని ఈయన తెచ్చుకుంటాడు. రెండేళ్లుగా రోజూ ఆ అక్షరాల మీద చేయి పెట్టి మూత తీసి, ఆ డబ్బాలోనే తింటున్నాడు. అది తనకు శిక్ష అనుకుంటాడు. కొన్ని రోజులు అన్నం గొంతు దిగదు, అయినా దించుతాడు. ఫ్యాను షెడ్డు వెనక కుక్కలు సంతోషంగా మొరగడం వినిపించింది. ఆయన ముద్ద కలిపి అట్లాగే కూచున్నాడు.

మూడింటికి మొదటి షిఫ్టు పైకి వచ్చింది. కిటికీ దగ్గర రెండో షిఫ్టు ఉపేందర్ కూచుని తన వాళ్లకు ల్యాంపులు ఇస్తున్నాడు. వెనక కిటికీలో జ్ఞానయ్య, శ్రావణ్య తమవి తీసుకుంటున్నారు. నల్లటి మొహాలు, తెల్లటి పళ్లు, చెమట. ల్యాంపు లోపలికి, బిళ్ళ బయటికి. మూడున్నరకు బోర్డు దాదాపు ఖాళీ అయింది. ఒక్కటి మిగిలింది.

"రెండు వందల నాలుగు," అన్నాడు జ్ఞానయ్య.

"రాయమల్లు బావ కాకా. వస్తడు తీ. ముచ్చట్ల పడ్డడేమో," అన్నాడు ఉపేందర్.

"ముచ్చట్ల పడ్డడని ఎవరన్న చెప్పిండ్రా?"

ఫోను తిప్పాడు. కింద టబ్బులు లాగే హాలేజీ యంత్రం దగ్గర ఎవరో ఎత్తారు. చూడలేదన్నారు. జ్ఞానయ్య పెట్టేశాడు, రెండు నిమిషాలాగి మళ్లీ చేశాడు. అవతలివాడు విసుక్కున్నాడు. మూడోసారి చేశాడు. ఈసారి అటునుంచి మనిషిని పంపించారు. ఇరవై నిమిషాలకు రాయమల్లు మోకాలు పట్టుకుని, ఆపకుండా తిట్టుకుంటూ పైకి వచ్చాడు.

"ఏందన్నా గీ లొల్లి? మోకాలు గుంజితే జర కూసున్న. నేను సచ్చిన్ననుకున్నవా?"

"అనుకోలే. ఎక్కడున్నవని అడిగిన."

"అందరి ముంగట ఇజ్జత్ తీస్తివి. పెండ్లాం గూడ గిట్ల అడగది."

ల్యాంపు కిటికీలో పెట్టి, బిళ్ళ తీసుకుని, పోతూ పోతూ నవ్వాడు రాయమల్లు. బోర్డు ఖాళీ అయింది.

శ్రావణ్య ల్యాంపును ర్యాకులో పెడుతూ అంది. "అందరు తిడ్తరు గదా కాకా. నీకు సిగ్గనిపియ్యదా?"

"అనిపిస్తది." జ్ఞానయ్య రిజిస్టరు మూశాడు. "అడిగితే సిగ్గయితది. అడగకుంటె ఏమయితదో నాకెరుక."

ఆ మాట తన నోటినుంచే వచ్చింది కాబట్టి ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆయన స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇయ్యాల బుధవారం బిడ్డా. ఇయ్యాల ఏ దేవునికి?"

శ్రావణ్య చప్పున చూసింది. "గ్యాసు పట్టింది కాకా..."

జ్ఞానయ్య సంచిలోంచి డబ్బా తీసి, మూత ఆ పిల్ల వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. శ్రావణ్య చదివింది. సుజిత. నలభై దినముల ఉపవాసము. బహుమానము.

"మా దాంట్ల ఈస్టరు పండుగ ముందు నలభై దినాలు ఒక్కపొద్దులుంటరు. అందరు ఒక పూట తింటరు. మా సుజి పూట గూడ తినకపోయేది. మాకు తెల్వదు. తెల్వదంటె, చూసినం. చూసి భక్తి అనుకున్నం. అందరికి వండి పెట్టేది, ఆదివారం బిర్యానీ చేసేది, మేం తింటుంటె ఎదురుంగ నిలబడి చూసేది. అందరు తిన్నంక తింట అనేది. గాజు మోచేతి కాడికెక్కింది. దారం కట్టి ఆపుకున్నది. చలి అన్నది. స్వెట్టరు కొనిచ్చిన. నేనే కొనిచ్చిన బిడ్డా."

బయట ఉపేందర్ ఎవరితోనో నంబరు గురించి వాదిస్తున్నాడు. జ్ఞానయ్య గొంతు తగ్గించాడు.

"పండుగకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు సంఘంల పిలిచి గీ డబ్బా ఇచ్చిండ్రు. పాస్టరయ్య మంచోడే, అందరు మంచోళ్లే. నేను లేచి సాక్ష్యం చెప్పిన. నా బిడ్డను చూసి మీ పిల్లలు నేర్చుకోవాలె అన్న. అందరు చప్పట్లు కొట్టిండ్రు. సుజి తలకాయ వంచుకున్నది. అణకువ అనుకున్న. గా తలకాయ నన్ను ఇప్పటికి పండనిస్తలేదు."

"ఎట్ల... ఎట్ల పోయింది కాకా?"

"పండుగైన మూడో రోజు. కాలేజీకి తయారైంది. గడప మీద కూసోని చెప్పుల బెల్టు పెట్టుకుంటున్నది. నేను డ్యూటీకి పోతున్న, పోయొస్త బిడ్డా అన్న. గోడకు ఒరిగింది. చెప్పు పెట్టుకుంటున్నదే అనుకున్న. బండి స్టార్టు గూడ చేసిన." ఆయన డబ్బా క్లిప్పును తెరిచి మూశాడు. "కరీంనగర్ల లేడీ డాక్టరు చెప్పింది, తిండి లేక రక్తంల లవణాలు పడిపోతే గుండె అట్లనే ఆగుతదట. గిది జబ్బు అన్నది. దీనికి పేరున్నది, మందున్నది, మాట్లాడి బాగుచేసే డాక్టర్లున్నరు అన్నది. భక్తి కాదు, మొండితనం కాదు, తిడితే పొయ్యేది కాదు. జల్ది తీసుకొస్తే బతుకుతరు అన్నది. నాకు తర్వాత చెప్పింది. చెప్పేటప్పటికి చెప్పి లాభం లేకుండె."

శ్రావణ్య స్వెట్టరు చేతులను వేళ్ల దాకా లాక్కుంది. ఒక వేలితో సుజిత పేరులోని అక్షరాలను నిమిరింది.

"ముందుగాల సోమవారం ఒక్కటే ఉండె కాకా," అంది చివరికి. "నాయనకు బాగు కావాలని మొక్కుకున్న. అప్పుడు అందరు సన్నగైనవ్, మంచిగున్నవ్ అన్నరు. మంచిగనిపిచ్చింది. ఇంకో రోజు కలిపిన. ఇప్పుడు దేవునికి మొక్కుతలేను. ఉత్తగ పేరు చెప్తున్న, అంతే. తినాలంటె భయమైతది. ముద్ద చేతుల పట్టుకుంటె ఎవరో లోపల్నుంచి వద్దు వద్దు అన్నట్టుంటది. తినకుంటె గెలిచినట్టుంటది. నాలుగు నెలల నుంచి నెలసరి గూడ వస్తలేదు." నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. "నాకు గూడ గట్లనే అయితదా కాకా?"

కాదు అని చెప్పాలని జ్ఞానయ్యకు గొంతుదాకా వచ్చింది. అబద్ధం చెప్పదలచుకోలేదు.

"ఇయ్యాల పోతే కాదు. మీ అమ్మకు ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి."

ఆ పిల్ల ఫోను తీసి చేతిలో పట్టుకుని కూచుంది. ఒకసారి నంబరు నొక్కి కోసేసింది. రెండోసారి మోగనిచ్చింది.

క్వార్టర్లు దగ్గరే. విశాలాక్షమ్మ పావుగంటలో ఆటోలో వచ్చింది. నుదుటన పెద్ద బొట్టు, హడావిడిలో రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు. బిడ్డ క్షేమంగా కూచుని ఉండడం చూసి ముందు ఊపిరి పీల్చుకుంది, తర్వాత సంగతి విని జ్ఞానయ్య వైపు తిరిగింది.

"కండ్లు తిరిగితే దవాఖానకు పోతం జ్ఞానయ్యగారూ, దానికేం. కని ఉపవాసాలు జబ్బంటరేంది? మా పిల్లకు చిన్నప్పటి నుంచి భక్తి ఎక్కువ. మా ఇండ్లల్ల ఉన్నదే అది. మా ఆచారం మీద మీకేంది?"

భయపడిన మాట వచ్చేసింది. వచ్చాక అంత భయంగా లేదు. ఆమె మొహంలోని గర్వాన్ని జ్ఞానయ్య గుర్తుపట్టాడు. మట్టల ఆదివారం నాడు మైకు ముందు నిలబడ్డప్పుడు తన మొహం కూడా సరిగ్గా ఇట్లాగే ఉండి ఉంటుంది. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు.

"భక్తి కాదమ్మా," అంది శ్రావణ్య.

"నువ్వుండవే..."

"నువ్వు పెట్టే డబ్బా నేను తింటలేనమ్మా. కుక్కలు తింటున్నయి. రోజూ. నువ్వు ఐదింటికి లేచి చేసేదంత ఫ్యాను షెడ్డు ఎనుక కుక్కలకు ఏస్తున్న. డబ్బా కడిగి తెస్తున్న. నువ్వు ఖాళీ డబ్బా చూసి సంతోషపడుతుంటె నేను బాత్రూంల నల్లా తిప్పుకొని ఏడుస్తున్న."

విశాలాక్షమ్మ బిడ్డ దగ్గరికి వెళ్లి స్వెట్టరు చేతిని మోచేతి పైదాకా తోసింది. తన పెండ్లినాటి గాజు, మొన్న ఉగాదికి బిడ్డకు తొడిగింది, మోచేతి దగ్గర ఎర్రదారంతో కట్టివుంది. ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చంటిపిల్ల చేయి చూసినట్టు తిప్పి తిప్పి చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరి దగ్గరికి పోవాలె?" అని అడిగింది, జ్ఞానయ్య వైపు చూడకుండానే.

ఆయన జేబులోంచి రాయని పెన్ను తీసి, అది కాదని రెండోది తీసి, కరీంనగర్ డాక్టరు పేరు, ఫోను నంబరు రాసిచ్చాడు. ఆ నంబరు చూసి రాయలేదు, మనసులోంచి రాశాడు. "ముందుగాల మన ఏరియా దవాఖానల గుండె పరీక్ష, రక్తపరీక్ష చేయించుండ్రి. ఇయ్యాలనే. రేపనకుండ్రి. ఇంటికి పోయి బట్టలు సర్దుకుంటమనకుండ్రి. తిట్టకుండ్రి, బలవంతం చేసి నోట్ల కుక్కకుండ్రి. డాక్టరు ఎట్ల చెప్తే అట్ల."

విశాలాక్షమ్మ తలూపింది. ఆటో గేటు దగ్గరే ఉంది. బిడ్డ భుజం చుట్టూ చేయి వేసి నడిపిస్తూ తలుపు దాకా వెళ్లింది. అక్కడ శ్రావణ్య ఆగింది. మెడలోంచి కార్డు తాడు తీసింది. దానికి కట్టివున్న బిళ్ళను విప్పబోతే దారం ముడి రాలేదు. పళ్లతో కొరికింది. తిరిగి వచ్చి జ్ఞానయ్య అరచేతిలో పెట్టింది. నాలుగు వందల పన్నెండు.

"దిగేటప్పుడు ఇచ్చి పోవాలె గదా కాకా."

జ్ఞానయ్య బిళ్ళను చొక్కా అంచుతో తుడిచాడు.

"నీకియ్యనీకి నా తాన ల్యాంపు లేదు బిడ్డా," అన్నాడు. "బిళ్ళ మాత్రం చూస్త. ఎన్ని దినాలైనా. వచ్చి తీస్కో."

ఆ పిల్ల తలూపింది. నవ్వబోయింది గానీ రాలేదు. ఇద్దరూ ఎండలోకి నడిచారు. తల్లి చేతిలో వట్టి క్యారియరు చప్పుడు చేస్తూ పోయింది. ఫ్యాను షెడ్డు వెనక నుంచి ఒక కుక్క వచ్చి కొంత దూరం వాళ్ల వెంట నడిచి, గేటు దగ్గర ఆగి, ఆటో కనబడకుండా పోయేదాకా నిలబడింది. జ్ఞానయ్య కూడా నిలబడ్డాడు. సుజిత ఒరిగిన పొద్దున తాను బండి మీద ఇంటి గేటు దాకా పోయి, ఏదో మరిచినట్టనిపించి వెనక్కి తిరిగి చూశాడు. ఏం మరిచాడో అప్పుడు తెలియలేదు.

ఈ పిల్ల బతుకుతుందో లేదో ఆయనకు తెలియదు. ఇన్నేళ్లలో ఎవరు పైకి వస్తారో ముందుగా తెలిసింది ఎప్పుడూ లేదు. అడగడం ఒక్కటే చేతనైన పని.

డబ్బా కడిగి సంచిలో పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోయాక రాహేలుకు ఈ సంగతి చెప్పాలి, రెండేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి ఆ పేరు పలకాలి. అది ఎట్లా మొదలుపెట్టాలో తోచలేదు. చెప్పులు వేసుకుంటుంటే ఉపేందర్ కిటికీ దగ్గర నుంచి కేకేశాడు.

"కాకా, నీ షిఫ్టు బోర్డు మీద ఒకటి మిగిలింది చూస్కున్నవా? అందరు వచ్చిండ్రని రాసినవ్. ఎవరింక లోపల?"

"ఉన్నరు ఒకరు."

"కిందికి ఫోన్ చెయ్యాల్నా?"

"వద్దు. నేను అడుగుత. నువ్వు దాన్ని తియ్యకు. ఎవర్ని తియ్యనియ్యకు."

ఉపేందర్ తలూపి తన రిజిస్టరు వైపు తిరిగాడు. జ్ఞానయ్య కుంటుకుంటూ గేటు వైపు నడిచాడు. వెనక ల్యాంపు రూములో, ఖాళీ కొక్కేల వరసల మధ్య, నాలుగు వందల పన్నెండో బిళ్ళ ఒక్కటే, కొరికిన ఎర్రదారం ముక్కతో సహా వేలాడుతోంది.